లిమిటెడ్ ఎడిషన్ చాకులు: కలెక్షనా, పెట్టుబడా, జేబుకి చిల్లా?

వీడియో చూసే తీరిక లేనివాళ్ల కోసం, ఈ రోజు డేటా అయిపోయినవాళ్ల కోసం, ఎప్పట్లాగే ఎపిసోడ్‌లో మాట్లాడింది కొంచెం సర్ది ఇక్కడ రాతలో పెడుతున్నాం.

ఈసారి టాపిక్ కాస్త వెరైటీ. జేబు చాకులు. అదేనండి, మడత చాకులు. అందులోనూ లిమిటెడ్ ఎడిషన్ అని చెప్పి అమ్మేవి. నందిగామ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. బీటెక్ అయ్యింది, మొదటి ఉద్యోగం, చేతికి నెలకి ఇరవై వేల లోపే వస్తోంది. ఆన్‌లైన్‌లో ఒక డమాస్కస్ చాకు చూశాడు. దాని రేటు కూడా దాదాపు అంతే. "అన్నా, ఐదేళ్లలో డబుల్ అవుతుందంట, క్రెడిట్ కార్డు మీద తీసుకోనా?" ఇదీ ప్రశ్న. ఇంట్లో నాన్న పత్తి వేశాడట, ఆ డబ్బు ఇంకా చేతికి రాలేదట. అంటే ఈ ఇరవై వేలు ఆ ఇంటికి చిన్న విషయం కాదు.

అందుకే ముందే జవాబు చెప్పేస్తా, చివరిదాకా సస్పెన్స్ వద్దు. పెట్టుబడిగా అయితే వద్దు. ఇష్టంతో, చేతిలో మిగిలిన డబ్బుతో, వాడుకోవడానికి అయితే ఒకటి రెండు కొనుక్కోండి, తప్పేం లేదు. ఎందుకు అలా అంటున్నానో ఒక్కొక్కటిగా చూద్దాం.

లిమిటెడ్ అంటే ఎంత లిమిటెడ్?

మొన్నటిదాకా కోడ్ రాసినవాడిని కాబట్టి నాకు ఒక అలవాటు. "లిమిటెడ్" అనే మాట కనపడగానే, సరే, లిమిట్ వాల్యూ ఎంత అని అడుగుతా. ఆ నంబర్ చెప్పకపోతే అది లిమిట్ కాదు, స్టిక్కర్.

మార్కెట్లో మూడు రకాలు కనపడతాయి.

ఒకటి, టైమ్‌తో లిమిట్. విక్టోరినాక్స్ వాళ్ల అలాక్స్ లిమిటెడ్ ఎడిషన్ దీనికి మంచి ఉదాహరణ. అలాక్స్ అంటే చాకుకి రెండు పక్కలా వేసే అల్యూమినియం రేకు. ఏడాదికి ఒక కొత్త రంగు తెస్తారు. 2019లో షాంపేన్ గోల్డ్, 2020లో ఆక్వా గ్రీన్, 2021లో టైగర్ ఆరెంజ్, 2022లో థండర్ గ్రే, 2023లో ఎలక్ట్రిక్ లావెండర్, 2024లో టెర్రా బ్రౌన్. ఏడాది మారితే రంగు మారుతుంది. బ్లేడు స్టీల్ మాత్రం మామూలు మోడల్‌లో ఉన్నదే. అంటే మీరు ఎక్కువ కట్టేది పదునుకి కాదు, రంగుకి.

రెండు, నంబర్‌తో లిమిట్. ఇన్ని పీసులే చేస్తాం అని ముందే చెప్పి, ప్రతి దాని మీద సీరియల్ నంబర్ కొడతారు. విక్టోరినాక్స్ డమాస్కస్ బ్లేడుతో తెచ్చే ఎడిషన్లు ఇలాంటివే. కానీ అవి కూడా వందల్లో ఉండవు, వేలల్లో ఉంటాయి. వేల పీసులు ఉన్న వస్తువు అరుదైనదా కాదా అన్నది దాన్ని కోరుకునేవాళ్లు ఎంతమంది అన్నదాని మీద ఉంటుంది. ఐదు వేల చాకులుండి, కొనాలనుకునేవాళ్లు మూడు వేల మందే ఉంటే, అక్కడ కొరత లేదు, మిగులు ఉంది.

మూడు, మాటతో లిమిట్. డబ్బా మీద "లిమిటెడ్", "కలెక్టర్స్", "స్పెషల్" అని ఉంటుంది. ఎన్ని చేశారో, ఎప్పుడు ఆపారో ఎక్కడా ఉండదు. ఇంకో ఆరు నెలలకి అదే చాకు పిడి రంగు మార్చుకుని మళ్లీ వస్తుంది. ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకి దొరికే వాటిలో చాలా వరకు ఈ మూడో రకమే.

ఇంకో మాట. కంపెనీ సృష్టించే కొరత వేరు, కాలం సృష్టించే కొరత వేరు. మన జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు ఉంది కదా. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం శాసనాలు అక్కడ దొరికాయి. అక్కడి శిల్పాలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని చెక్కినవాళ్లు "లిమిటెడ్ ఎడిషన్" అని రాయలేదు. కాలం గడిచింది, చాలా పోయాయి, మిగిలినవి విలువైనవి అయ్యాయి. కంపెనీ చేసిన చాకు విషయంలో అందరూ డబ్బాతో సహా దాచిపెట్టుకుంటున్నారు. అందరూ దాచేది అరుదు కాదు కదండీ.

మామూలు చాకే ఎందుకు గొప్పదైంది?

కొంచెం చరిత్ర చెప్పుకుందాం, ఎందుకంటే రేటుకి కథ కూడా కలుపుతారు. 1884లో స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ చాకుల వర్క్‌షాప్ పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి మొదటి చాకులు ఇచ్చాడు. 1897 జూన్ 12న ఆఫీసర్ చాకుకి హక్కులు రిజిస్టర్ చేయించాడు. వాళ్లమ్మ పేరు విక్టోరియా. ఆ పేరుకి స్టెయిన్‌లెస్ స్టీల్‌ని సూచించే "ఇనాక్స్" కలిపి 1921లో విక్టోరినాక్స్ అయ్యింది. ఫ్రాన్స్‌లో 1890లో జోసెఫ్ ఒపినెల్ చెక్క పిడితో ఒక సాదా మడత చాకు చేశాడు. రైతులు, కూలీలు జేబులో పెట్టుకుని తిరిగారు. బ్లేడు మడత పడి వేళ్లు తెగకుండా 1955లో దానికి తిరిగే రింగు లాక్ వచ్చింది.

గమనించారా? ఈ రెండూ పేరు తెచ్చుకున్నది లిమిటెడ్ అవ్వడం వల్ల కాదు. లక్షల మంది వాడటం వల్ల. మన ఇళ్లలో కత్తిపీట లాగా. ఎవరూ దాన్ని అద్దాల బీరువాలో పెట్టరు, కానీ అది లేని రోజు ఇంట్లో కూర తెగదు. లిమిటెడ్ ఎడిషన్ అంటే చాలాసార్లు ఈ మామూలు చాకు సంపాదించిన పేరుని తీసుకుని, దానికి కొత్త చొక్కా తొడిగి, ఎక్కువ రేటుకి అమ్మడం.

డమాస్కస్ అంటున్నారు, అది మన ఉక్కే

ఇప్పుడు తమ్ముడు అడిగిన డమాస్కస్ దగ్గరికి వద్దాం. ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన కథ.

బ్లేడు మీద నీళ్ల అలల్లాగా గీతలుంటాయి చూడండి, దాన్ని డమాస్కస్ అంటారు. పాతకాలంలో అలాంటి కత్తులకి ముడిసరుకు ఎక్కడిది? దక్షిణ భారతం, శ్రీలంక నుంచి వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని "వూట్జ్" అన్నారు. మన "ఉక్కు" అనే మాటే వాళ్ల నోట్లో పడి అలా అయ్యిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కన్నడంలోనూ ఉక్కు అనే అంటారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ వూట్జ్ మీద పేపర్ సమర్పించాడు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, అదే మనం ఇంటర్‌లో చదివిన ఫారడే, చాకులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఇలాంటి స్టీల్ తయారు చేయాలని 1819 నుంచి కొన్నేళ్లు ప్రయోగాలు చేశాడు.

మన తెలుగు నేల మీద దీనికి పేరున్న ఊరు నిజామాబాద్ వైపు కోనసముద్రం. 19వ శతాబ్దం మొదట్లో వోయ్సీ అనే ఆయన అక్కడ ఉక్కు తయారీ చూసి రాశాడు. అది 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారి వచ్చి దగ్గరుండి ఉక్కు కొనుక్కెళ్లేవాడని అందులో ఉంది. పద్ధతి ఏంటంటే, ఇనుముని కార్బన్ ఇచ్చే పదార్థంతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చడం. అలా వచ్చిన ముద్దలో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా సాగగొడితే ఆ గీతలు లోపలి నుంచే వస్తాయి. ఆ గీతలు రావడానికి ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వనేడియం లాంటివి కీలకమని 1998లో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్, పెండ్రే అనే కమ్మరి కలిసి రాసిన పేపర్‌లో చూపించారు. ప్రొఫెసరూ కమ్మరీ కలిసి, చూడండి.

మరి ఇవాళ షాపుల్లో అమ్మే డమాస్కస్? దాదాపు అంతా వేరే పద్ధతి. రెండు రకాల స్టీల్ పొరలు పొరలుగా అతికించి, మడిచి, కొట్టి, యాసిడ్‌లో ముంచితే గీతలు తేలతాయి. బాగా చేస్తే అదీ మంచి పనితనమే, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ అది ఆ పాత ఉక్కు కాదు. పైగా చవకబారు వాటిలో మామూలు స్టీల్ మీద లేజర్‌తో గీతలు ముద్రించేస్తారు. ఎలా తెలుస్తుంది? నిజంగా పొరలున్న బ్లేడులో గీతలు పదును అంచు దాకా, వెనక వీపు మీదకి కూడా కొనసాగుతాయి. ముద్రించినది అయితే పక్కల మీదే ఉంటుంది, రెండు వైపులా అచ్చు ఒకేలా ఉంటుంది, సాన పడితే పోతుంది, మళ్లీ యాసిడ్ తగిలినా తిరిగి రాదు.

కాబట్టి "ప్రాచీన డమాస్కస్ రహస్యం" అని రాసి ఉంటే ఆ మాటకి అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆ రహస్యం మన కొలిముల్లోది. వాళ్లు అమ్మేది దాని ఫొటో.

లెక్క వేద్దాం, కాగితం తీయండి

ఇప్పుడు అసలు విషయం. డబుల్ అవుతుందా? మనం అనుకున్న అంకెలతో ఒక లెక్క వేద్దాం. రేట్లు ఒక్కో చాకుకి ఒక్కోలా ఉంటాయి, కానీ లెక్క వేసే తీరు ఇదే.

చాకు రేటు 20,000 రూపాయలు అనుకుందాం. బయటి దేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీలు కలిపి ఇంకో 6,000 అనుకుందాం. మీ జేబులోంచి పోయింది 26,000.

ఇప్పుడు అమ్మాలి. అమ్మిపెట్టే వెబ్‌సైట్ 10 శాతం తీసుకుంటుంది, పార్సిల్‌కి 1,000 అవుతుంది అనుకుందాం. మీ 26,000 మీకు తిరిగి రావాలంటే ఎంతకి అమ్మాలి? 30,000కి. పది శాతం పోతే 27,000, పార్సిల్ పోతే 26,000. అంటే 20,000 చాకు 50 శాతం పెరిగితేగానీ మీకు లాభం సున్నా.

ఇంకా ఉంది. అదే 26,000 బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఐదేళ్లు వేస్తే, ట్యాక్స్ పక్కన పెడితే, సుమారు 36,466 అవుతుంది. ఏ టెన్షన్ లేదు, తుప్పు పట్టదు. చాకుతో అంత రావాలంటే దాన్ని సుమారు 41,600కి అమ్మాలి. కొన్న రేటుకి రెండింతల పైన. తమ్ముడు చెప్పిన "ఐదేళ్లలో డబుల్" నిజంగా జరిగినా సరే, బ్యాంకు డిపాజిట్ కంటే కాస్త తక్కువే వస్తుంది అన్నమాట.

ఇది సొంత డబ్బుతో కొన్నప్పుడు. క్రెడిట్ కార్డు బాకీ కట్టకుండా తిప్పితే? నెలకి 3.5 శాతం అనుకోండి. వినడానికి చిన్నగా ఉంటుంది. పన్నెండు నెలలు చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 51 శాతం. ఏ చాకూ ఆ స్పీడుతో పెరగదు. "నో కాస్ట్ ఈఎంఐ" అని ఉన్నా, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, విడిగా కొంటే వచ్చే డిస్కౌంట్ పోతోందా అని చూసుకోండి.

అన్నిటికన్నా పెద్ద సమస్య, కొనేవాడు ఎక్కడున్నాడు? బంగారం గొలుసు ఉంటే జగ్గయ్యపేటలో ఏ షాపులో అడిగినా ఒక రేటు చెప్తారు. లిమిటెడ్ ఎడిషన్ చాకు పట్టుకెళ్తే, "బాబూ, ఇది మామిడికాయలు కోసేదా?" అంటారు. అమ్ముదామనుకున్న రోజు కొనేవాడు దొరకని వస్తువుని పెట్టుబడి అనకూడదు. అది ఇష్టం. ఇష్టం అని ఒప్పుకుంటే ఏ గొడవా లేదు.

గుడిమెట్ల వజ్రం లాజిక్

మన నందిగామ వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే చందర్లపాడు మండలం గుడిమెట్ల దగ్గర జనం నేల చూసుకుంటూ తిరుగుతారు, వజ్రాల కోసం. ఒకరికి రాయి దొరికిందంటే పేపర్లో వస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది. ఖాళీ చేతులతో బస్సెక్కినవాళ్ల గురించి ఏ పేపరూ రాయదు. మనకి కనపడేది దొరికినవాడు మాత్రమే.

చాకుల రీసేల్ కథలూ అంతే. ఫలానా చాకు మూడింతలకి అమ్ముడుపోయింది అన్న స్క్రీన్‌షాట్ మీకు వస్తుంది. కొన్న రేటుకి సగానికి కూడా పోనివాటికి స్క్రీన్‌షాట్ ఎవరు తీస్తారు? పైగా "అమ్మకానికి పెట్టిన రేటు" వేరు, "అమ్ముడైన రేటు" వేరు. ఎవరైనా లక్ష అని పెట్టుకోవచ్చు. చూడాల్సింది అమ్ముడైన రేట్లు.

అమెరికాలో ఫ్రాంక్లిన్ మింట్ అనే కంపెనీ ఉండేది, 1964లో మొదలైంది. నాణేలు, ప్లేట్లు, బొమ్మలు, మడత చాకులు కూడా "కలెక్టర్" పేరుతో అమ్మింది. జనం పిల్లలకి ఆస్తిగా ఉంటాయని కొన్నారు. ఆ పిల్లలు పెద్దయి అమ్మబోతే, చాలావాటికి అప్పట్లో కట్టిన రేటు కూడా రాలేదు. కారణం సింపుల్. కలెక్షన్ కోసమే తయారైన వస్తువుని అందరూ కలెక్షన్ గానే దాచారు. అమ్మేవాళ్లు అందరూ ఒకేసారి బయటికొచ్చారు, కొనేవాళ్లు రాలేదు.

మరి నిజంగా పెరిగేవి లేవా?

ఉన్నాయండి. న్యాయంగా అదీ చెప్పాలి. మూడు లక్షణాలు కనపడతాయి.

మొదటిది, చేసిన చెయ్యి. బాబ్ లవ్‌లెస్ అనే అమెరికా కత్తుల తయారీదారు 2010లో చనిపోయాడు. ఆయన చేత్తో చేసినవి ఇంక కొత్తగా రావు. ఫ్యాక్టరీ మాత్రం ఏటా కొత్త రంగు తెస్తూనే ఉంటుంది.

రెండోది, పుట్టుక రుజువు. కేస్ అనే పాత అమెరికా కంపెనీ 1970 నుంచి బ్లేడు మీద చుక్కలు పెట్టేది. మొదట పది చుక్కలు, ఏడాదికి ఒకటి తగ్గుతూ వెళ్లేవి. చుక్కలు లెక్కపెడితే ఆ చాకు ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. ఇలాంటి వివరం చదవగలిగినవాడు, తెలియనివాడి దగ్గర తక్కువకి కొని లాభపడతాడు. అంటే లాభం చాకులో లేదు, చదువులో ఉంది. డబ్బా, కాగితం, బిల్లు ఉన్నవాటికి రేటు వేరు.

మూడోది, కథ. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియంకి వెళ్లినప్పుడు జేడ్ రాతి గ్యాలరీ వదలకండి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్లు కోసుకునే చాకు అని చెప్పేవి అక్కడ ఉన్నాయి. ఒక పళ్ల చాకుని మనం టికెట్ కొని చూస్తున్నాం అంటే అది దాని స్టీల్ వల్ల కాదు, పట్టుకున్న చెయ్యి వల్ల. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయేదాకా ఇలాంటివి సేకరిస్తూనే ఉన్నాడు. 1951లో మ్యూజియం అయ్యింది. ఆయన అమ్ముకుని లాభపడదామని కొనలేదు. అంత ఆస్తి ఉన్నాయన సంగతి వేరు, ఈఎంఐలో ఉన్న మన సంగతి వేరు.

చట్టం సంగతి, ఇది స్కిప్ చేయకండి

ఇక్కడ కుర్రాళ్లు ఇరుక్కుంటారు కాబట్టి జాగ్రత్తగా చదవండి. నేను లాయర్ని కాదు, తెలిసింది చెప్తున్నా.

1959 ఆయుధాల చట్టం కింద ఉన్న రూల్స్‌లో, 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు, బాకులు ఆయుధాల లిస్టులోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకి చేసినవి మినహాయింపు. మామూలు జేబు చాకు ఆ కొలతకి చాలా లోపే ఉంటుంది. కానీ అంతటితో అయిపోలేదు. కొన్ని చోట్ల విడిగా నోటిఫికేషన్లు ఉంటాయి. ఢిల్లీలో 1980 నుంచి బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద, బ్లేడు సుమారు 7.6 సెంటీమీటర్లు దాటితే, ఆంక్ష ఉంది. అందుకే బటన్ చాకులు, స్ప్రింగ్ చాకుల జోలికి అసలు వెళ్లొద్దు. ఎంత లిమిటెడ్ అయినా సరే.

కొలత లోపు ఉన్నా, ఎక్కడ పట్టుకుని తిరుగుతున్నారన్నది ముఖ్యం. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో, సినిమా హాల్లో, కాలేజీలో జేబులో చాకు దొరికితే "కలెక్షన్ సార్" అంటే వినేవాళ్లు ఉండరు. గన్నవరం ఎయిర్‌పోర్టులో క్యాబిన్ బ్యాగులో చాకు ఉంటే లోపలికి పంపరు. చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి.

రీల్స్ సంగతి. బర్త్‌డే కేకుని పొడవాటి కత్తితో కోసి, వీడియో పెట్టి, మర్నాడు పోలీస్ స్టేషన్‌లో కూర్చున్న కుర్రాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. కేసు నమోదైతే పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర, ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర అది మళ్లీ మీ ముందుకొస్తుంది. చాకు ఫొటో పెట్టాలంటే టేబుల్ మీద పెట్టి తీయండి. చేత్తో పట్టుకుని డైలాగులు వద్దు.

తాతల కాలం నాటి బాకు, కత్తి ఇంట్లో ఉంటే ఇంకో విషయం. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు. వాటి వ్యాపారానికి లైసెన్స్ కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకి పంపకూడదు. "బయటి దేశంలో మంచి రేటొస్తుంది" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

సరే, నాకు ఇష్టమే, ఏం చేయాలి?

ఇష్టం ఉన్నవాళ్లకి నా పద్ధతి చెప్తా.

ముందు ఒక మామూలు మోడల్ కొనండి, మంచి కంపెనీది, చిన్నది. ఏడాది వాడండి. మామిడికాయ, నిమ్మకాయ, పార్సిల్ టేపు, వైరు, అన్నిటికీ. ఏడాది తర్వాత కూడా చేతిలోకి తీసుకుంటే మీకు సంతోషంగా ఉంటే, అప్పుడు రెండోది ఆలోచించండి. ఆరు నెలలకే డ్రాయర్లో పడి ఉంటే, ఇరవై వేలు మిగిలాయి అనుకోండి.

లిమిట్ మీరు పెట్టుకోండి. కంపెనీ పెట్టే లిమిట్ కాదు, మీ లిమిట్. ఇంటికి పంపాల్సింది పంపి, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాక, ఏడాదికి సరదాకి మిగిలేది ఎంత? అందులోంచే. అప్పు మీద కలెక్షన్ వద్దు.

మన వాతావరణంలో జాగ్రత్త కావాలి. కార్బన్ స్టీల్ అయితే నిమ్మకాయ కోసి అలా వదిలేస్తే తెల్లారేసరికి మచ్చ పడుతుంది. తుడిచి, ఆరబెట్టి, సన్నగా నూనె రాయండి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదలకండి, తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది. పిల్లలున్న ఇల్లయితే తాళం తప్పనిసరి.

ఇంకో ఐడియా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన చుట్టుపక్కల పనిముట్లని సేకరించండి. గీత కార్మికుల గీత కత్తి, వరి కోసే కొడవలి, అమ్మమ్మల అడకత్తెర. అడకత్తెరలో పోకచెక్క అన్న సామెత అందరికీ వచ్చు, అసలు అడకత్తెర చేత్తో పట్టుకున్నవాళ్లు మన వయసులో ఎంతమంది? హైవే మీద లారీల పాత కమాన్ కట్టలతో కత్తులు సాగగొట్టే కమ్మరి పని చూశారా? అది మంచి స్ప్రింగ్ స్టీల్. ఊళ్లో కొలిమి ఇంకా ఉంటే వెళ్లి, ఆయన్ని బాబాయ్ అని పలకరించి, అడిగి, ఒక చిన్న కూరగాయల కత్తి చేయించుకోండి. ఏ ఊరు, ఎవరు చేశారు, ఏ తేదీ, ఎంతిచ్చారు, ఏ ఇనుము అని ఒక చీటీ రాసి దాంతో పాటు దాచండి. ఆయన ఒప్పుకుంటే పని చేస్తుండగా వీడియో తీయండి.

ఇప్పుడు లెక్క చూడండి. చేసిన చెయ్యి తెలుసు. పుట్టుక రుజువు ఉంది. కథ ఉంది. పైన చెప్పిన మూడు లక్షణాలూ వచ్చేశాయి, ఖర్చు వందల్లో. కొలిములు ఒక్కొక్కటిగా ఆరిపోతున్న రోజుల్లో, ఇది కంపెనీ చెప్పిన లిమిటెడ్ కాదు, నిజంగానే లిమిటెడ్. రేపు దీనికి రేటు వస్తుందని నేను అనను. రాకపోయినా రోజూ కూర తరుగుతుంది, ఆ కమ్మరి ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలుగుతుంది.

మీ ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తోందా? ఉంటే ఊరి పేరు కింద రాయండి, ఆయన ఫోన్ నంబర్ మాత్రం అడక్కుండా పెట్టకండి. జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు వైపు నాలుగైదు పేర్లు వస్తే, కెమెరా తీసుకుని నేనే వస్తా. వచ్చే ఎపిసోడ్ ఆ కొలిమి దగ్గర నుంచే చేద్దాం. ఉంటానండీ.